చేతుల్లేని బనియను

ఫకీర్ చెంబు బోర్లించి చూపించాడు. చుక్క కూడా రాలలేదు. తర్వాత రెండు చేతులూ ముందుకు చాపి, అరచేతులు అటూ ఇటూ తిప్పాడు. జనవరి చలికి ముంజేతుల మీద వెంట్రుకలు నిక్కబొడుచుకున్నాయి. ఒంటి మీద చేతుల్లేని బనియను ఒక్కటే ఉంది.

గుమ్మంలో నిలబడ్డ ఉమ, కాలేజీలో పాఠాలు చెప్పే మనిషి, శాలువా దగ్గరికి లాక్కుంటూ తలూపింది. అప్పుడు గానీ అతను దుడ్డెను తల్లిబర్రె దగ్గరికి విడవలేదు.

గద్వాలలో అతను ఇంటింటికీ క్యానుతో పాలు పోసిన రోజులు పోయాయి. పాలల్లో యూరియా కలుపుతున్నారని, చొక్కా చేతుల్లో నీళ్ల గొట్టం దాస్తున్నారని టీవీలో చూపించాక, కాలనీవాళ్లు కళ్లముందే పిండమన్నారు. ఇక బర్రెనే వాకిళ్లకు తోలుకురావలసి వచ్చింది. చొక్కా మానేసింది కూడా అప్పుడే.

దుడ్డె నాలుగు గుక్కలు కుడిచాక బర్రె పాలు చేపింది. ఫకీర్ మోకాళ్ల మధ్య చెంబు ఇరికించుకుని పిండసాగాడు. వంగినప్పుడల్లా దగ్గు తన్నుకొస్తోంది. మొహం పక్కకు తిప్పి, మూతిని భుజానికి అదుముకుంటున్నాడు.

"నిన్నటికన్న తక్కువున్నయి గద, ఫకీర్ సాబ్?"

"పత్తిగింజల చెక్క బంద్ జేస్తిమి గదమ్మా. పత్తికి కొట్టిన మందు పాలల్లకొస్తదని మీరే అంటిరి."

"అన్న. కానీ ఇంత తక్కువనా?" ఆమె చెంబులోకి చూసింది, అతని మొహంలోకి చూసింది. "పిల్లగాడు తాగే పాలు. ఎవర్ని నమ్మాల్నో తెలుస్తలేదు."

"జర దగ్గర నిలవడి చూడుండ్రి అమ్మా."

ఆమె నిజంగానే దగ్గరికొచ్చి చూసింది.

బర్రెను ఇంటి దగ్గర కట్టేసి, ఫకీర్ సైకిలు మీద ధరూర్ దారిలోని యాదయ్య చేనుకు పోయాడు. ఎప్పుడూ పత్తి వేసే చేనులో యాదయ్య ఈసారి ఒక మూల పచ్చజొన్న వేశాడు. మందు కొట్టని మేత కావాలని ఫకీర్ బతిమాలితే వేసింది అది. పక్కచేలో ఎవరో మిరపతోటకు మందు కొడుతున్నారు. గాలి ఇటే వీస్తోంది.

ఫకీర్ ఒక ఆకు తుంపి వాసన చూశాడు. నాలుక మీద పెట్టుకున్నాడు.

"మందేమన్న కొట్టినవా, యాదన్నా?"

యాదయ్య కొడవలి ఆపాడు. "ఏంది ఫకీరూ? నీ మొకం జూసే ఏస్తి గద ఇది."

"నేను గాదు. కాలనీలోల్లు అడుగుతరు."

"కాలనీలోల్లు నా శేన్ల లేరు. నువ్వున్నవు."

ఫకీర్ సైకిలు స్టాండు తీశాడు. "పొద్దుగూకినంక నేనే తెస్త, పో," అన్నాడు యాదయ్య, అతని వైపు చూడకుండా.

ఇల్లు చేరేసరికి ఒళ్లు కాలిపోతోంది. భార్య మహమూదా చాయ్ కాచి మంచం పక్కన పెట్టింది. పొయ్యి దగ్గర పాలగిన్నె, దాని పక్కన తడిగా ఒక చెంబు ఉన్నాయి. ఫకీర్ ఆ చెంబు తీసి లోపలికి చూశాడు. బోర్లించాడు. నీళ్లు బొట్లుబొట్లుగా నేల మీద పడ్డాయి.

"దీంట్ల నీళ్లేంది?"

"కడిగిన."

"కడిగినవా, కలిపినవా?"

అనేశాక గానీ ఆ మాట అతనికి వినబడలేదు. పెళ్లయి వచ్చిన నాటి నుంచి ఆ ఇంట్లో పాలు కాచింది, తోడు పెట్టింది, కొలిచి పోసింది ఆమే. మహమూదా గాజులు పైకి తోసుకుని, రెండు చేతులూ అతని ముందు చాపి, అరచేతులు తిప్పింది.

"దేఖో," అంది. "మంచిగ చూస్కో."

అతను చూడలేకపోయాడు. వంగి ఆ చేతుల్లోనే మొహం పెట్టుకున్నాడు. "మాఫ్ జెయ్యి," అన్నాడు. అతని నుదురు తగిలి ఆమె ఉలిక్కిపడింది.

"గింత జరం పెట్టుకుని తిరిగినవా? పండుకో. మాపటికి బర్రెను నేను తోల్కపోత."

దుప్పటి కప్పింది. పొద్దు వాలే వేళ మసీదు నుంచి అసర్ అజాన్ వినబడ్డాక, చెప్పి పోదామని లేపబోతే అతను లేవలేదు.

సాయంత్రం పాలు రాకపోయేసరికి ఉమ గిన్నె పట్టుకుని ఇల్లు వెతుక్కుంటూ వచ్చింది. తన వంతు పాలు ఇంకెవరికో పోసి ఉంటాడనే దారి పొడవునా అనుకుంది. సందు నిండా జనం. యాదయ్య తాను తెచ్చిన పచ్చజొన్న మోపు మీదే కూలబడి ఉన్నాడు.

"మా పాలు..." అనబోయింది.

"ఫకీరు పోయిండమ్మా."

ఉమ గిన్నెను కొంగు కింద దాచుకుంది. పొదుగు నిండిన బర్రె దొడ్లో అరుస్తోంది. తెరిచిన తలుపులోంచి మంచం కోడు కనిపిస్తోంది. దాని పక్కన, అతను ముట్టని చాయ్ చల్లారిపోయి, పైన మందంగా మీగడ కట్టింది.