దీపం దింపని రోజు

"తెలుసని రాయమంటారా, తెలియదని రాయమంటారా?" వాంగ్మూలం రాయడానికి వచ్చిన సోమయాజులు అదే ప్రశ్న మూడోసారి అడిగాడు.

జ్ఞానానందం ఏసీ చలికి రెండు చేతులూ మోకాళ్ళ మధ్య దాచుకుని కూర్చున్నాడు. అల్లుడు రాబిన్‌ను సమాధి చేసి మూడు రోజులైంది. ఆ రోజు వేసుకున్న తెల్ల చొక్కానే ఇంకా ఒంటి మీద ఉంది. పక్కన కూతురు జెరూషా. ఖిదిర్‌పూర్ రేవులో సరుకు దించే కంపెనీ వాళ్ళ గది అది. తలుపు దగ్గర కంపెనీ ఆఫీసరు నిలబడి ఫోను చూసుకుంటున్నాడు. అతనికి తెలుగు రాదు.

రాబిన్ చనిపోయింది దుంగల ఓడలో. పచ్చి దుంగలు మూసిన అరలో రోజుల తరబడి కుళ్ళుతూ గాలిని తినేస్తాయి. ఆ చెడ్డ గాలి కిందికి దిగే మెట్ల గొట్టంలో నిలిచిపోతుంది. దానికి రంగుండదు, వాసనుండదు. దిగినవాడు రెండు ఊపిర్లు తీసుకునేలోపే పడిపోతాడు. జ్ఞానానందం తాత బారువ నుంచి ఈ రేవుకు వచ్చిన నాటికే తెలుగు గ్యాంగులకు ఈ సంగతి తెలుసు. అందుకే దుంగల ఓడ వస్తే ముందు లాంతరు వెలిగించి తాడు కట్టి గొట్టం అడుగు దాకా దింపేవాళ్ళు. పైన అందరూ నిలబడి ఒక కీర్తన రెండు చరణాలు పాడేవాళ్ళు. పాట అయ్యాక తాడు లాగితే దీపం ఇంకా వెలుగుతుండాలి. ఆరిపోయి వస్తే ఆ పూట ఎవరూ దిగరు. వెలుగుతూ వస్తే మొదట గ్యాంగు పెద్ద, అంటే సర్దారు, ఇంటివాడే దిగాలి. పరాయి బిడ్డను ముందు పంపాడన్న మాట సర్దారుకు రాకూడదు. ఇరవై రెండేళ్ళుగా ఆ గ్యాంగుకు జ్ఞానానందమే సర్దారు.

రెండేళ్ళ కిందట కంపెనీ లాంతరును నిషేధించింది. అందులో తప్పు లేదని జ్ఞానానందమే గ్యాంగుకు సర్దిచెప్పాడు. నూనె ఓడలో నిప్పు దింపితే ఏమవుతుంది? దీపం బదులు గాలిని కొలిచే మీటరు వచ్చింది. దాన్ని చదవడం మాత్రం గ్యాంగులో ఎవరికీ నేర్పలేదు. సర్టిఫికెట్ ఉన్న సూపర్‌వైజరు అంకె చూసి తల ఊపుతాడు, వీళ్ళు దిగుతారు. దీపం పోయింది. దానితోపాటు ఆగే హక్కూ పోయింది.

సోమవారం పదకొండు గంటలకు మీటరు వచ్చింది. మీటరులోకి గాలి పీల్చే రబ్బరు గొట్టం ముప్పై అడుగులుండాలి. ఎక్కడో చిరిగితే కోసేశారు కాబోలు, మూర కన్నా పొడవు లేదు. సూపర్‌వైజరు దాన్ని మెట్ల మూతి దగ్గరే పెట్టి అంకె రాసుకున్నాడు.

"దాదా, కిందికి దింపు," అన్నాడు జ్ఞానానందం హిందీలో.

"రీడింగ్ ఠీక్ ఆఛే కాకా. తుమి కి డాక్తార్?"

అంకె బాగానే ఉంది, నువ్వేమన్నా డాక్టరువా అని సూపర్‌వైజరు బెంగాలీలో అనేసరికి అందరూ నవ్వారు. ఆ తర్వాత జ్ఞానానందం ఆచారం ప్రకారం తన ఇంటివాణ్ణి పిలిచాడు. "దిగు బాబూ," అన్నాడు. రోజుకు ఆరు వందల ఇరవై రూపాయల కూలికి రాబిన్ దిగాడు.

సోమయాజులు చెడ్డవాడు కాదు. ఇంజనీరింగ్ కాలేజీలో పాఠాలు చెబుతాడు, న్యూ టౌన్‌లో ఉంటాడు. నిపుణుడని కంపెనీ పిలిచింది. తెలుగువాడు కనుక వాంగ్మూలం రాసే పని కూడా అప్పగించింది. రాగానే జెరూషాకు మంచినీళ్ళ సీసా మూత తీసి ఇచ్చాడు.

"చూడండి జ్ఞానానందం గారూ. మీకు సర్టిఫికెట్ లేదు. మీకు అనిపించింది అనుమానం కిందికే వస్తుంది."

"అనుమానం కాదు బాబూ. నాకు తెల్సు."

"ఎలా తెలుసు?"

"ముప్పై రెండేళ్ళు దిగినాను. ఎలగ తెల్సంటే ఏటి సెప్పను?"

"మరి అదే నేననేది. అది నేను రాయలేను. మీటరు గొట్టం సరిగ్గా ఉందని సూపర్‌వైజరు సంతకం పెట్టాడు." ఆయన గొంతు తగ్గించాడు. "పోనీ రాశాననుకోండి. తెలిసీ ఎందుకు దింపావంటారు. కేసు మీ మీదికే వస్తుంది. తెలియదన్నారనుకోండి, అది ప్రమాదం. అమ్మాయికి పరిహారం నెలలో వచ్చేస్తుంది."

అప్పటిదాకా బల్ల అంచునే చూస్తున్న జెరూషా తలెత్తింది.

"నీకు తెల్సా నాన్నా?"

జ్ఞానానందం కూతురి వైపు తిరగలేదు.

"నిన్నే. తెల్సే దిగమన్నావా? మాటాడవేటి?"

"నవ్వినారమ్మా," అన్నాడతను. "డాక్టరువా అనీసరికి అందరూ నవ్వినారు. సిగ్గేసి నానూ నవ్వినాను. దిగేముందు ఆడు నా మొకం సూసినాడు తల్లీ. నాను నవ్వుతన్నానని దిగిపోనాడు."

జెరూషా చున్నీ నోట్లో కుక్కుకుంది. సోమయాజులు కిటికీ వైపు తిరిగాడు. ఆఫీసరు చేతి గడియారం చూసుకుని ఇంగ్లీషులో ఏదో అడిగాడు. ఇంకో ఐదు నిమిషాలు అన్నాడు సోమయాజులు. జ్ఞానానందం కూతురి తల మీద చెయ్యి వేయబోయాడు.

"ముట్టుకోకు నన్ను," అందామె.

అతను చేతిని మళ్ళీ మోకాళ్ళ మధ్యకే తీసుకున్నాడు.

జెరూషా ముఖం తుడుచుకుంది. "రాయండి సార్. మా నాన్నకి తెల్సని రాయండి."

"అమ్మా, మీ నాన్నగారికి జైలు పడొచ్చు. పరిహారం ఏళ్ళ తరబడి ఆగిపోతుంది. ఇంటికెళ్ళి ఆలోచించుకోండి."

"ఆలోసించడానికేటుంది? తెల్దని రాసీసేరనుకోండి, రేపు ఇంకో దుంగల ఓడొస్తది. మళ్ళీ ఇంకొకడు పోతాడు. అప్పుడూ ఎవులికీ తెల్దనే రాస్తారు."

"మీ నాన్న కదమ్మా..."

"నాన్నే సార్. ఇంటికెల్లి ఈ మనిసికి నాను కూడెలగ పెడతానో నాకే తెల్దు. అయినా రాయండి."

సోమయాజులు కలం మూత తీశాడు. కాగితం వంక చూశాడు, తలుపు దగ్గరి ఆఫీసరు వంక చూశాడు. ఏమీ రాయకుండానే మూత పెట్టేశాడు.

జ్ఞానానందం మోకాళ్ళ మధ్య నుంచి చేతులు తీసి బల్ల మీద పెట్టాడు. ఎవరూ రాయడం లేదు. అయినా అతను చెప్పడం మొదలుపెట్టాడు.

"సోమారం పదకొండు గంటలు. రబ్బరు గొట్టం మూరెడు. నాకు తెల్సు."

ఆ మాట దగ్గర జెరూషా కళ్ళు మూసుకుంది. అక్కడినుంచి మాత్రం లేవలేదు.