ఓడ ఎక్కనన్న పద్నాలుగు మంది

రేవు ఆఫీసు రికార్డు గదిలో గుమాస్తాకు ఇరవై రెండేళ్లుగా ఎవరూ ఏ పనీ చెప్పలేదు. అందుకే ఒక సోమవారం మేయరు పిలిచి నగర చరిత్ర రాయమన్నప్పుడు, ఇంకెవరితోనో అంటున్నారేమోనని ఆయన వెనక్కి తిరిగి చూశాడు.

మేయరు ఆయనకు స్వయానా అక్క మొగుడు. ఇంట్లో బావను నువ్వనే గుమాస్తా ఆఫీసులో మీరనేవాడు. మేయరు మాత్రం రెండు చోట్లా “ఏమోయ్” అనే పిలిచేవాడు.

“ఏమోయ్, ఊరికి మూడొందల ఏళ్లు నిండుతున్నాయి. పుస్తకం వెయ్యాలి. మొదటి అధ్యాయం గట్టిగా ఉండాలి. మనవాళ్లు సముద్రాన్ని జయించి వచ్చారని రాయి.”

“జయించారాండీ?”

“జయించకపోతే మనమెలా ఉన్నాం? వివరాలు నువ్వు చూసుకో.”

ఆ ఊళ్లో సముద్రాన్ని జయించినవాళ్ల వంశాలకు కొదవ లేదు. మంచాల షాపాయన, పళ్ల డాక్టరు, బస్సుల కాంట్రాక్టరు, అందరూ మొదటి ఓడ కెప్టెన్‌కు మునిమనవలే. ఓడలో వంటవాడి మునిమనవడు ఒక్కడూ తగలడు. పెద్దవాళ్ల ఇళ్లన్నిటి తలుపుల మీదా లంగరు బొమ్మ చెక్కి ఉండేది. ఆ ఇళ్ల కిటికీలు మాత్రం వీధి వైపే తెరుచుకునేవి. సముద్రం వైపు వెనక గోడలూ, బట్టలారేసే తీగలూ, చెత్త డబ్బాలూ ఉండేవి. చేపలు పట్టేవాళ్లు పొరుగూరి నుంచి వచ్చేవాళ్లు. ఇదేమిటని ఊళ్లోవాళ్లను అడిగితే, ఉప్పుగాలి ఫర్నిచరుకు మంచిది కాదనేవారు.

గుమాస్తా వారం రోజులు దుమ్ములో వెతికాడు. ఆ మొదటి ఓడ కెప్టెన్ రాసుకున్న దినచర్య పుస్తకం బీరువా పొట్టి కాలు కింద దొరికింది. దాన్ని లాగి, ఆ స్థానంలో కిందటేటి మునిసిపల్ నివేదిక పెట్టాడు. బీరువా ఇంకా నిటారుగా నిలబడింది.

ఓడ అసలు ఇక్కడికని బయల్దేరలేదు. వేరే ఎక్కడికో పోతూ మంచినీళ్ల కోసం ఆగింది. కెప్టెన్ ఇలా రాసుకున్నాడు: ‘బయల్దేరిన రోజు నుంచి వాంతులు చేసుకుంటున్న పద్నాలుగు మంది కాసేపు నేల మీద నిలబడతామని దిగారు. ఎక్కమంటే ఎక్కరు. బతిమాలాను, బెదిరించాను. ఇసుకను పట్టుకుని కూర్చున్నారు. వాళ్ల సామాను ఒడ్డున దించి వెళ్తున్నాను. గాలి అనుకూలంగా ఉంది. నా మనసు కూడా తేలికపడింది.’

గుమాస్తా మొదట పడీపడీ నవ్వాడు. రెండోసారి చదివినప్పుడు నవ్వు రాలేదు. బయటికొచ్చి ఒడ్డున నిలబడి ఊరి వెనక గోడల్ని చాలాసేపు చూశాడు. ముక్కూమొహం తెలియని నేల మీద కూర్చుని, తమ ఓడ వెళ్లిపోతుంటే చూస్తూ, అయినా చెయ్యెత్తి పిలవని ఆ పద్నాలుగు మంది మీద ఆయనకు ఎక్కడలేని ప్రేమ పుట్టుకొచ్చింది. ఉన్నదున్నట్టు రాశాడు.

రాసింది ముందు అక్కకు చూపించాడు. ఊళ్లో ఉన్న ఒకే ఒక్క ప్రెస్సు ఆవిడదే. సిరా చేతులు కాగితానికి తగలకుండా నిలబడే చదివింది.

“నిజమేనట్రా?”

“కెప్టెన్ సంతకముందక్కా.”

“నాకాశ్చర్యంగా లేదు. నాన్న ఏనాడైనా పడవెక్కాడా? మీ బావ మాత్రం ఒప్పుకోడు.”

ఒప్పుకోలేదు. “డోకుకున్నవాళ్ల సంతతని రాస్తావా? నీకేమన్నా మతిపోయిందా?” అన్నాడు మేయరు.

“కెప్టెన్ రాశాడండీ.”

“అయితే ఇంకో కెప్టెన్ను చూడు.”

“ఉన్నది ఒక్కడేనండీ.”

పెద్దమనుషులతో సంఘం వేశారు. పళ్ల డాక్టరు భాషాభిమాని కావడంతో సవరణలు ఆయనే చేశాడు. ‘దిగి, మళ్లీ ఎక్కలేదు’ అన్నది ‘నౌకను త్యజించారు’ అయింది. వాంతుల దగ్గర ఆయన కాసేపు కళ్లు మూసుకుని, ‘కడలికి తమ సర్వస్వం సమర్పించుకున్నారు’ అని రాయించాడు. పద్నాలుగు మంది సంఘంలోని కుటుంబాలకే చాలరని పద్నాలుగు వందలు చేశారు. గుమాస్తా తన పేరు తీసెయ్యమన్నాడు. అది మాత్రం వెంటనే తీసేశారు.

ఉత్సవం రోజున పూర్వీకుల రాకను కళ్లకు కట్టినట్టు చూపించాలని మేయరు పొరుగూరి లాంచీ తెప్పించాడు. తను కెప్టెన్ కోటు తొడుక్కుని, కత్తి కట్టుకుని, నలభై మంది పెద్దమనుషులతో ఎక్కాడు. కాస్త దూరం వెళ్లి, చుట్టు తిరిగి, బ్యాండు మేళంతో వేదిక దగ్గర దిగాలి. ఊరంతా ఒడ్డున ఉంది.

అలలు కూడా పెద్దగా లేవు. ముందు పళ్ల డాక్టరు రెయిలింగు పట్టుకుని కడలికి సమర్పించుకున్నాడు. ఆయన్ని చూసి బస్సుల కాంట్రాక్టరు, ఆయన్ని చూసి మిగతావాళ్లు. మేయరు పళ్లు బిగించి మలుపు దాకా ఓర్చుకుని, తర్వాత కత్తి వదిలేసి రెండు చేతులతో పొట్ట పట్టుకున్నాడు.

“చుట్టు పూర్తిగా తిప్పమన్నారు కదండీ,” అన్నాడు లాంచీ నడిపేవాడు.

“బాబ్బాబు, దింపెయ్ నాయనా.”

“వేదిక ఇంకా అవతలుందండీ. ఇక్కడంతా బురద.”

“బురదే కావాలి.”

మోకాలి లోతు బురదలో దిగి, పాక్కుంటూ ఇసుక మీదికి చేరి కూలబడ్డారు. వేదిక దగ్గర దండలు ఎదురుచూస్తున్నాయని, ఎక్కితే రెండు నిమిషాల్లో దింపుతానని లాంచీవాడు మర్యాదగా పిలిచాడు. నలభై మందిలో ఒక్కడూ లేవలేదు. మేయరు పిడికిళ్లనిండా ఇసుక పట్టుకుని తల అడ్డంగా ఊపాడు. ఎవరూ ఆపమనలేదు కాబట్టి బ్యాండు వాయిస్తూనే ఉంది. గుమాస్తాకు నవ్వాలనిపించలేదు. గుంపును తోసుకుంటూ వెళ్లి బావ పక్కన కూర్చుని వీపు నిమిరాడు.

ఆ వారం అక్క ఎవరినీ అడక్కుండా అసలు అధ్యాయాన్ని అచ్చేసి ప్రెస్సు కౌంటరు మీద పెట్టింది. మొగుడు కోప్పడితే, “ఊరంతా కళ్లారా చూసిందే కదండీ, చదివితే తప్పేంటి?” అంది. 

ఊరు మొదట సిగ్గుపడింది. తర్వాత అలవాటు పడింది. నెల తిరక్కుండా గర్వపడటం మొదలెట్టింది. పళ్ల డాక్టరు తన క్లినిక్ ముందు ‘ఓడ నుంచి మొట్టమొదట దిగినవారి వంశం’ అని బోర్డు పెట్టాడు. మొదట దిగింది మావాళ్లేనని కాంట్రాక్టరు పోట్లాటకొచ్చాడు. ముందు దిగడం గొప్పా, ఎక్కువ వాంతులు చేసుకోవడం గొప్పా అని కౌన్సిల్లో రెండు పూటలు చర్చించారు.

ఒక రోజు మేయరు స్వయంగా రికార్డు గదికొచ్చాడు.

“ఏమోయ్, ఆ పద్నాలుగు మందిలో మనవాళ్లు ఎన్నోవాళ్లు?”

“పేర్లు రాయలేదండీ కెప్టెన్.”

“ఏదో ఒకటి చూడవయ్యా. మీ అక్కకు కూడా గౌరవం కదా.”

“అక్క అడిగితే చూస్తానండీ.”

అక్క అడగలేదు. మిగతా ఊరంతా అడిగింది. అరవై మూడు కుటుంబాలు దరఖాస్తులు పెట్టుకున్నాయి. అందరికీ ‘పేర్లు నమోదు కాలేదు’ అని ఒకే జవాబు పంపి, పని దొంగ అనిపించుకున్నాడు గుమాస్తా. ఆయన దాన్ని పట్టించుకోలేదు. అప్పటికే ఆయనకు ఊరి మొట్టమొదటి తగాదా కాగితాలు దొరికాయి. దిగిన వారానికే ఇద్దరు జుట్టూజుట్టూ పట్టుకున్నారు, సముద్రానికి అన్నిటికన్నా దూరంగా ఉన్న జాగా ఎవరిదని. గుమాస్తా పెన్సిలు చెక్కుకుని రెండో అధ్యాయం మొదలుపెట్టాడు.