మామగారి గాటు

గాలం వేసేవాడి మాట నమ్మకూడదని లోకం ఎప్పుడో తేల్చేసింది. చేతులు రెండూ బారజాపి "ఇంత చేప, చేతికొచ్చి జారిపోయింది" అనేవాణ్ణి చూసి నవ్వుకోవడం అందరికీ అలవాటే. నాది ఆ రకం అబద్ధమైతే ఇదంతా చెప్పుకోవాల్సిన అవసరం ఉండేది కాదు. పట్టిన చేప పొడుగు గురించి నేనెప్పుడూ అబద్ధం చెప్పలేదు. దాన్ని ఏ ఎరతో పట్టానన్న దాని గురించే చెప్పాను. అదీ మా మామగారికి.

మామగారంటే మా ఆవిడ నాన్న. నలభై ఏళ్లు దర్జీ పని చేశారు. కొట్లోకి ఏ బొజ్జాయనైనా వచ్చి "నడుం ముప్పై నాలుగే పెట్టండి" అంటే, ఆయన కళ్లు సగం మూసి, రెండుసార్లు తలూపి, "అలాగే, అలాగే" అనేవారు. కుట్టేది మాత్రం ముప్పై ఎనిమిదికే. ఇదేంటి మామయ్యా అని నేనోసారి అడిగితే, "కస్టమర్ చెప్పింది వినాలి, టేపు చెప్పింది కుట్టాలి. ఇద్దరూ సుఖంగా ఉంటారు," అన్నారు.

కొట్టు మూసేశాక ఆయనకి చేపల పిచ్చి పట్టుకుంది. ఆ పిచ్చి నాకూ అంటించారు. నేను ఫ్రిజ్‌లు బాగుచేస్తాను. వారమంతా జనాల వంటిళ్లలో నేల మీద బోర్లా పడుకునే ఉద్యోగం కదా, ఆదివారం కాస్త ఆకాశం కనిపిస్తే చాలనిపించేది. ఇద్దరం కలిసి ఓ పాత పడవ కొన్నాం. ఇద్దరు కూర్చుంటే మూడోవాడు ఈదుకుంటూ రావాల్సిందే, అంత పడవ. ఆరేళ్ల పాటు ఆయన ముందు బల్ల మీద, నేను వెనక ఇంజను దగ్గర. పడవలు కట్టే జెట్టీ దగ్గర బయల్దేరి, హార్బరు దాటి, అలల్ని ఆపే రాళ్ల కట్ట చుట్టూ తిరిగి, బయట లోతులో గాలాలు వేసుకుని, మధ్యాహ్నానికల్లా ఇంటికి వచ్చేసేవాళ్లం.

కిందటేడు ఆయన తుంటికి ఆపరేషన్ అయింది. ఇక పడవ ఎక్కొద్దన్నాడు డాక్టరు. మా ఆవిడ అక్కడితో ఆగక, తండ్రి చేత తన తల మీద ఒట్టు వేయించుకుంది. నెల రోజులు ఆయన గోడవైపు తిరిగి పడుకున్నారు. కుట్టు మిషను మీద కప్పిన గుడ్డ కూడా తియ్యలేదు. ఏదైనా అడిగితే "ఊఁ" అనడమే. చివరికి ఓ శనివారం సాయంత్రం తనంతట తనే లేచి చొక్కా వేసుకున్నారు.

"పడవ ఎక్కొద్దన్నాడు గానీ జెట్టీ మీద నిలబడొద్దనలేదుగా! నీకు ఎర నేను పట్టిపెడతానయ్యా అల్లుడూ. బతికున్న ఎర. చచ్చిన ఎరకి చచ్చు చేపలే పడతాయి."

హార్బరులో బతికున్న ఎర దొరకబుచ్చుకోవడం అంత తేలికేం కాదు. నీళ్లు చదవాలి. ఐస్ ఫ్యాక్టరీ గొట్టం దగ్గర ఒక రోజుంటే, మర్నాడు పాత క్రేన్ నీడలో ఉంటాయి ఆ చిన్న వెండి చేపలు. గాలి లేకుండానే నీటి మీద సన్నటి వణుకు పుట్టిందంటే కింద మంద ఉన్నట్టు. మామగారు తన డబ్బాలోంచి మెరుపు దారం ముక్కలు తీసి, ఆవగింజంత గాలాలకి కట్టేవారు. ఒకే దారానికి అలాంటివి అయిదు. దాన్ని దింపి మణికట్టు మాత్రమే కదిపేవారు, సూదిలో దారం ఎక్కించేంత ఓపికగా. శనివారం పట్టిన ఆరింటినీ జెట్టీ కింద నీళ్లలో వేలాడే ఇనప జాలీ బుట్టలో ఉంచి, ఆదివారం పొద్దున నా బకెట్‌లో వేసేవారు.

ఆ బుట్ట ఆయనొక్కడిదే కాదు. జెట్టీ మీద చేరే ముసలాళ్లు నలుగురిదీ. ఎవరివెవరివో తేలక రోజూ జగడాలే కాబట్టి, తలో గుర్తు పెట్టుకున్నారు. ఒకాయన తోక పైకొస కత్తిరిస్తాడు, ఒకాయన కిందికొస. మా మామగారిది దర్జీ గాటు. బట్ట అంచున గుర్తు కోసం పెడతారే, అలాంటి చిన్న గాటు, తోక అంచున బియ్యపుగింజంత. దారాలు తెంపే బుల్లి కత్తెర మెళ్లో వేలాడేసుకునే తిరిగేవారు. చేపకి నొప్పి ఉండదా అంటే, "నీకు గోళ్లు తీస్తే నొప్పా?" అన్నారు.

ఇదంతా బాగానే ఉంది. నా గొడవ వేరే. బతికున్న ఎరని పడవలో బతికించడమంత తలనొప్పి ఇంకోటి లేదు. పావుగంటకోసారి నీళ్లు మార్చాలి. బ్యాటరీ పంపు గుర్రు గుర్రుమంటుంటుంది. అల వస్తే బకెట్ ఒలికి నా ప్యాంటు తడుస్తుంది. నా జేబులో రబ్బరు చేపలున్నాయి, వాటికి నీళ్లూ వద్దు, గాలీ వద్దు. నిజం చెప్పాలంటే వాటికే చేపలు బాగా పడుతున్నాయి. మూడో ఆదివారమో నాలుగో ఆదివారమో, రాళ్ల కట్ట ఇంకా దాటకముందే, లోపలి మలుపు తిరిగి జెట్టీ కనుమరుగయ్యాక, బకెట్ ఎత్తి ఆరు చేపల్నీ నీళ్లలో గుమ్మరించేశాను. హమ్మయ్య అనిపించింది, అబద్ధమెందుకు.

ఒడ్డుకొచ్చేసరికి ఆయన తిరగేసిన చేపల పెట్టె మీద కూర్చుని ఉన్నారు.

"ఏమన్నాయి నా చేపలు?"

ఆ మొహం చూసి "పారబోశాను" అని ఎలా అంటాను? "అబ్బో, మామయ్యా! రెండోదాన్ని దింపానో లేదో, గుటుక్కుమంది. మీరుంటే ముందు బల్ల మీంచి దారం పట్టుకుని లాగేవారు," అనేశాను. ఆయన కళ్లు సగం మూసి, రెండుసార్లు తలూపారు. ఆనందంతో మూతలు పడుతున్నాయనుకున్నాను ఆ కళ్లు.

అక్కణ్ణుంచి ప్రతి ఆదివారం అదే తంతు. మలుపు తిరగడం, గుమ్మరించడం, రబ్బరు చేప వెయ్యడం, ఒడ్డుకొచ్చి కథ చెప్పడం. కథలు కూడా రానురాను బాగా కుదిరేవి. మొదట్లో ఆయన మనసు నొప్పించలేక అన్నాను, నిజమే. తర్వాత తర్వాత అది దయ కాదు, బద్ధకం. ఎవరైనా అడిగితే దయ పేరు చెప్పొచ్చు కదా అన్న ధీమా ఒకటి. ఓ రోజు భోజనాల దగ్గర మా ఆవిడ "మా నాన్నకి మీరు చేస్తున్న మేలు ఇంకెవరూ చెయ్యరండీ" అంది. తేలు కుట్టిన దొంగలా కంచంలోకి చూస్తూ కూర్చున్నాను.

అలా ఉండగా ఓ శనివారం సాయంత్రం నేను ఎవరిదో ఫ్రిజ్ వెనక దూరి ఉంటే ఫోను మోగింది. మా ఆవిడ.

"నాన్న జెట్టీ మెట్ల మీద జారిపడ్డారండీ!"

పరిగెత్తుకుంటూ ఇంటికెళ్లాను. తుంటికేం కాలేదు, మోకాలు మాత్రం గుమ్మడికాయలా వాచింది. మోచెయ్యి గీసుకుపోయింది. నీళ్లు వెనక్కి వెళ్లి మంద కిందికి దిగిపోతే, నాచు పట్టిన ఆఖరి మెట్టు దాకా దిగారట. ఐస్ ఫ్యాక్టరీ వాళ్లు పైకి లాగి ఆటోలో పంపించారట.

"ఇంతకీ ఎందుకు నాన్నా అంత కిందికి?" అని ఏడుస్తూ మందు రాస్తోంది కూతురు.

"అయిదే పడ్డాయే. అల్లుడికి ఆరు కావాలి," అన్నారాయన. నా వైపు తిరిగి, "పడ్డాక ఆరోది కూడా పట్టానులే. బుట్టలో ఉన్నాయి," అన్నారు.

నాకు తల కొట్టేసినట్టయింది. నీళ్లలో పారబోసే చేపల కోసం ముసలాయన మోకాలు పగలగొట్టుకున్నారు. అప్పుడే చెప్పేయాల్సింది. నాలుక చివరిదాకా వచ్చింది కూడా. వాచిన మోకాలి మీద ఇది కూడా ఎందుకులే అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. అలా సర్దిచెప్పుకోవడంలో అప్పటికి నా చెయ్యి బాగా తిరిగింది.

మర్నాడు పొద్దున జెట్టీ మీది ముసలాయనొకాయన గుర్తు చూసి, మామగారి ఆరు చేపల్నీ బుట్టలోంచి తీసి నా బకెట్‌లో వేశాడు. మలుపు తిరిగాను. బకెట్ మీద చెయ్యి పడింది గానీ ఎత్తలేకపోయాను. ఛీ, ఈ ఒక్క రోజైనా ఆయన ఎరతోనే పట్టి, ఆయనకి ఒక్క నిజమైన కథ చెప్పాలనుకున్నాను. కట్ట దాటి బయటికి వెళ్లి, ఇంజను ఆపి, బకెట్‌లో చెయ్యి పెట్టి ఒకదాన్ని పట్టుకున్నాను. ఇన్ని నెలల్లో ఆయన పట్టిన చేపని చేత్తో పట్టుకోవడం అదే మొదలు. అంతకుముందంతా గుమ్మరించడమే కదా.

గాలం గుచ్చబోతూ తోక చూశాను. తోక మీద గాట్లు. ఒకటి కాదు, నాలుగు. బియ్యపుగింజంతవి, వరసగా, మిషను కుట్టులా సమంగా.

ముందు అర్థం కాలేదు. ఇంకోదాన్ని తీశాను. మూడు. ఇంకోదానికి రెండు. ఆరింటిలో ఒక్కదానికే ఒక్క గాటు. పట్టిన ప్రతిసారీ ఆయన ఒక గాటు పెడతారు. నేను కట్ట లోపలే గుమ్మరిస్తున్నాను. అవి తిన్నగా ఈదుకుంటూ వాటి మంద దగ్గరికి, ఆయన గాలం దగ్గరికే వెళ్తున్నాయి. నేను "గుటుక్కుమంది" అని చెప్పిన చేప మళ్లీ శనివారానికి ఆయన చేతిలోకి వస్తోంది. ఆయన దాన్ని తిప్పి చూసి, తన గాటు తను గుర్తుపట్టి, పక్కనే ఇంకోటి పెట్టి, బుట్టలో వేసి, పొద్దున్నే నాకే ఇస్తున్నారు. తర్వాత పెట్టె మీద కూర్చుని, అది ఎలా చచ్చిందో నా నోటితో వింటున్నారు.

ఆ రోజు గాలం వెయ్యలేదు. ఆ ఆరింటికీ పావుగంటకోసారి నీళ్లు మారుస్తూ, పంపు గుర్రుమంటుంటే, పడవలో ఒక్కణ్ణీ కూర్చున్నాను. ముందు బల్ల ఖాళీగా ఉంది. ప్యాంటు మోకాళ్ల దాకా తడిసినా పట్టించుకోలేదు.

జెట్టీకి తిరిగొచ్చేసరికి ఆయన ఉండరనుకున్నాను. ఉన్నారు. మోకాలికి కట్టుతో, చేతికర్రతో, అదే పెట్టె మీద. కూతురి కళ్లు కప్పి వచ్చినట్టున్నారు.

"ఏమన్నాయి నా చేపలు?" అన్నారు.

సిగ్గులేని నోరు, అప్పుడు కూడా కథ తయారుగానే ఉంది. బకెట్ తెచ్చి ఆయన కాళ్ల దగ్గర పెట్టాను.

"మామయ్యా, దీనికి నాలుగు గాట్లున్నాయి."

ఆయన కళ్లజోడు పెట్టుకుని, వంగి, ఆ చేపని చేతిలోకి తీసుకున్నారు.

"అయిదు," అన్నారు. "మొదటిది పూడుకుపోయింది. ఇదిగో, ఇక్కడ మచ్చ."

నేను తడి నేల మీదే ఆయన ఎదురుగా కూర్చున్నాను. "మొదటినుంచీ తెలుసన్నమాట. మరి ఒక్క మాట అడగలేదేంటి మామయ్యా? నాలుగు తిట్టొచ్చు కదా!"

"అడిగితే ఏమవుద్దయ్యా? తప్పయిపోయింది మామయ్యా అంటావు. పర్లేదులే అల్లుడూ అంటాను. బాగానే ఉంటది. మరి ఆ పై శనివారం నేనేం చెయ్యను? గోడకేసి తిరిగి పడుకోనా?"

చేపని మళ్లీ నీళ్లలో వదిలి, చెయ్యి లుంగీకి తుడుచుకున్నారు.

"పైగా నువ్వు కథలు బాగా చెప్తావు. మీరుంటే ముందు నుంచి లాగేవారు మామయ్యా అంటావు చూడు... ఆ కాసేపు పడవలో నేనూ ఉండేవాణ్ణి."

నాకు ఏడుపాగలేదు. అక్కడ వలలు సర్దుకునేవాళ్లు చూస్తున్నారన్న సిగ్గు కూడా లేకుండా ఏడ్చాను. చేసిన తప్పు ఒకటైతే, ఇప్పుడు దాన్ని బయటపెట్టి ఆ కాసేపు కూడా ఆయనకి లేకుండా చేశాను. చెప్పకపోయినా పాపమే, చెప్పినా పాపమే. ముందు నేనే తెచ్చిపెట్టుకున్నాను ఈ ముడి.

"మీరు మెట్లమీంచి పడ్డారు మామయ్యా. నేను పారబోస్తానని తెలిసి కూడా..."

"పడింది నాచు మీద. నీ మీద కాదు. ఊరుకో, పెద్దవాడివి," అన్నారు. తర్వాత, "ఇవాళ బయట నీళ్లెలా ఉన్నాయి?" అని అడిగారు.

"పచ్చగా ఉన్నాయి. గాలి లేదు. నేను గాలమే వెయ్యలేదు," అన్నాను. ఇన్నాళ్లలో ఆయనకి నేను చెప్పిన మొదటి నిజం అది. చప్పగా, మూడు ముక్కల్లో అయిపోయింది. ఆయన ఇంకా ఏదో వస్తుందని చూశారు. రాలేదు.

ఆయన బకెట్ వంచి ఆరింటినీ జెట్టీ పక్కన వదిలేశారు. "పొండర్రా, మీకూ రిటైర్‌మెంట్," అన్నారు. ఇద్దరం లేచాం. ఆయన కర్ర ఒక చేత్తో, నా భుజం ఇంకో చేత్తో పట్టుకున్నారు.

"మామయ్యా, కాలు నయమయ్యాక మళ్లీ ఆరు పట్టండి," అన్నాను. "మెట్లు దిగొద్దు, పైనుంచే. ఈసారి నిజంగా వాడతాను. కట్ట దాటేదాకా బకెట్ ముట్టుకోను. మీ అమ్మాయి మీద ఒట్టు, వాడతాను మామయ్యా."

నేను అంత నిజం నా జన్మలో చెప్పలేదు. ఆయన నా మొహంలోకి చూశారు. తర్వాత కళ్లు సగం మూసి, రెండుసార్లు తలూపారు.

"అలాగే, అలాగే," అన్నారు, నడుం ముప్పై నాలుగే అన్నవాడితో అన్నట్టు.