ఆడి నెలలో ఇచ్చిన ఇళ్లు

తిరుత్తణి బస్టాండు వెనక పూరిపాకల్లో ఉండేవాళ్లకి ప్రభుత్వం పక్కా ఇళ్లు కట్టించింది. ఊరికే కట్టించలేదు లెండి. మురుగన్ సామి కొండకి వచ్చే బస్సులు ఏటేటా పెరుగుతున్నాయి, బస్టాండు పెద్దది చెయ్యాలి, అందుకు పాకలు తియ్యాలి, తీస్తే ఆ జనానికి ఎక్కడో ఒక చోటు చూపించాలి. అలా తిరువళ్లూరు రోడ్డు పక్కన రెండు వరసల ఇళ్లు లేచాయి. ఒక గది, వంటకో మూల, వెనక మరుగుదొడ్డి, నాలుగిళ్లకో కొళాయి, వీధి పొడుగునా దీపాలు. మురిక్కాలవ కూడా నీళ్లు పోయే వైపుకే వాలుగా తవ్వారు. మన ఊళ్లలో ఇది చిన్న సంగతి కాదు.

ఇంత బుర్ర పెట్టి ప్లాను గీసినవాళ్లు తాళంచెవులు మాత్రం ఆడి నెలలో ఇచ్చారు.

ఆడి అంటే తమిళుల ఆషాఢం లాంటిది. ఆ నెలలో పెళ్లిళ్లు చెయ్యరు, ఇల్లు మారరు. అది అమ్మవార్లకీ మురుగన్ సామికీ వదిలేసిన నెల. అది చాలదన్నట్టు ఒక నోటీసు అంటించారు. ఆగస్టు పదిహేనున మద్రాసు నుంచి పెద్ద ఆఫీసరు వచ్చి కాలనీలో జెండా ఎగరేస్తాడట. ఆ పొద్దుటికి ఏ ఇంట్లో కాపురం లేకపోతే ఆ ఇల్లు ఏటిగట్టు గుడిసెలవాళ్లకి పోతుందట. ఆ ఏడాది ఆడి పోయి ఆవణి నెల వచ్చేది సరిగ్గా ఆ మర్నాడు.

ఆ నోటీసు చదివించుకుని వచ్చినప్పటి నుంచి కాంచనకి అన్నం సయించడం లేదు. ఆమె కూతురు అప్పుడప్పుడే పాకుతోంది. పాక లోపల వానకి నేలంతా బురద. ఆ బురదలో పాకిన పిల్లకి రెండుసార్లు జ్వరం వచ్చింది, రెండోసారి బతుకుతుందనుకోలేదు. కొత్తింట్లో సిమెంటు నేల ఉంది. కాంచన రోజూ మధ్యాహ్నం వెళ్లి తాళం తీసి, ఎవరూ తొక్కని ఆ నేలని తుడిచి, మళ్లీ తాళం వేసి వస్తోంది. నవ్వేవాళ్లు నవ్వారు. ఆమెకి కావలసింది ఆ నేలే.

అడ్డం పడింది అత్త అలిమేలమ్మ. కాంచనకి సొంత మేనత్త కూడాను. బస్టాండులో పూలు అమ్ముతుంది, నోరు మంచిదే గానీ పట్టు ఉడుంపట్టు. పాకలవాళ్లంతా ఆమె కదిలితేనే కదులుతారు.

"ప్లాను గీసినోళ్ల దగ్గర స్కేలు ఉండాది, పంచాంగం ల్యా" అంది. "ఆడి పోనీ, ఆవణి రానీ. అంతదాకా ఆ గడప నేను తొక్కను, మీరూ తొక్కగూడదు."

"ఆవణి వచ్చేలోపల ఇల్లు పోతుంది అత్తా."

"పోతే పోనీ. బిడ్డ కంటే ఇల్లు ఎక్కువా? ఆడిలో పాలు పొంగిచ్చిన కొంప నిలవదు. నా కండ్లతో చూసినా."

ఇద్దరూ ఆ బిడ్డ కోసమే కొట్లాడుకుంటున్నారు. అందుకే ఎవరూ తగ్గలేదు. కాంచన మొగుడు నటరాజ్ ఆవడి ఫ్యాక్టరీలో పని చేస్తాడు. తెల్లారకముందే రైలెక్కి, దీపాలు పెట్టాక దిగుతాడు. అమ్మ మాటా నిజమే, నీ మాటా నిజమే అని, రెండు పక్కలా తలూపి పడుకుంటాడు. ఆ తల ఊపడం చూస్తే కాంచనకి ఒళ్లు మండేది.

ఇక లాభం లేదని ఆమె పిల్లని చంకనేసుకుని టౌన్ ఆఫీసుకి పోయింది. అక్కడి ఆఫీసరు సుందరరాజులు మన భాషవాడే. మనిషి చెడ్డవాడు కాదు, చేతిలో అధికారం మాత్రం తక్కువ.

"ఒక్క దినం సార్. పదహారో తేదీ దాకా ఆగితే అందరం వచ్చేస్తాం."

"తేదీ నేను పెట్టింది గాదమ్మా. మద్రాసులో పెట్టినారు. జెండా పండగకి ఖాళీ ఇళ్లు చూపిస్తే నన్నేమంటారు?"

"మీరైతే ఆడిలో ఇల్లు మారతారా సార్?"

సుందరరాజులు పైనున్న ఫ్యాను వైపు చూశాడు. అది తిరగడం లేదు.

"మా ఇంట్లో ఒప్పుకోరు" అన్నాడు చివరికి. "ఏం చేసేదమ్మా, నాకూ తలనొప్పే. మీరు కదల్లేదు, పాకలు తియ్యలేదు. ఈసారి ఆడికృత్తిక తిరునాళ్లకి వచ్చే యాత్రికులకి పందిలి వేసే చోటు లేకుండా పోయింది. వాన పట్టుకుంటే ఆ జనాన్ని యాడ పెట్టేది?"

జెండా పండగకి ఇంకా వారం ఉందనగా, ఆడికృత్తిక రోజు వాన పట్టుకుంది. మామూలు వాన కాదు, కొండ కనిపించని వాన. అలవాటు కొద్దీ కొత్తింటికి వెళ్లిన కాంచన, పిల్లని నేల మీద వదిలి, వాకిట్లో నిలబడి చూస్తోంది. రోడ్డు మీద అరోహరా అని మురుగన్‌కి జై కొడుతూ కావడి గుంపొకటి వచ్చి ఆగింది. పసుపుబట్టలు ఒంటికి అంటుకుపోయాయి. ఆడవాళ్లు పిల్లల్ని కొంగుల కింద దాచుకున్నారు. ముందున్న పెద్దాయన భుజం మీద పూలకావడి. తడిసి బరువెక్కినా దించడు. మొక్కుకున్న కావడి నేలకి తగలకూడదు, మైలచోట పెట్టకూడదు.

"అమ్మా, మాది ఊత్తుకోట పక్కన. నా పేరు జయరామ" అన్నాడు. "సామిని పెట్టేదానికి కొంచెం శుద్ధమైన చోటు యాడైనా ఉందా?"

కాంచన వెనక్కి తిరిగి తన గది వైపు చూసింది. తుడిచి తుడిచి మెరుస్తోంది.

"ఇంకా ఎవరూ కాపురం చెయ్యని ఇల్లు సామీ. లోపల పొయ్యి గూడా వెలిగించలేదు. రండి."

అంతలో వానకి బుట్ట నెత్తిన బోర్లించుకుని అలిమేలమ్మ వచ్చింది. కోడలి కోసం కాదు, మనవరాలు తడుస్తుందేమోనని. వాకిట్లో అంత జనాన్ని చూసి నోరు తెరిచింది. ఏదో గట్టి మాటే బయల్దేరి ఉంటుంది. కానీ ఎదురుగా జయరామ, భుజం మీద సామి. కావడి మోసేవాడి కాళ్లకి ఇంటి పెద్ద నీళ్లు పోసి దండం పెట్టాలి. అలిమేలమ్మ ఏ ఏడాదీ అది తప్పలేదు. కాంచన బిందె అందించింది. అలిమేలమ్మ వాకిట్లోనే వంగి నీళ్లు పోసింది, కళ్లకద్దుకుంది.

కావడి లోపలికి పోయింది, వంటమూల గట్టు మీద పెట్టారు. జనం గోడల వెంట కూలబడ్డారు. వాళ్లలో ఒక చంటివాడు ఆకలికి గుక్క తిప్పుకోకుండా ఏడుస్తున్నాడు. అది వినేసరికి అలిమేలమ్మకి ఆడి, ఆవణి రెండూ గుర్తు లేవు. ఎదురు టీకొట్టుకి పరుగెత్తి చెంబుతో పాలు తెచ్చింది. మేస్త్రీలు వదిలేసిన ఇటుకలు మూడు పేర్చింది, చెక్కముక్కలు రాజేసింది, పాలు పెట్టింది. గడప దాటినట్టు ఆమెకే తెలియలేదు.

"చూస్తా ఉండు, వస్తా" అని కోడలికి చెప్పి, గుంపులో తడిసిన ఒక ముసలమ్మకి కొంగు పిండడానికి పోయింది.

కాంచన పొయ్యి ముందు కూర్చుంది. పాల మీద మీగడ బిగిసింది, అంచుల వెంట బుడగలు లేచాయి. చేతిలో గుడ్డ ఉంది. దించాలంటే ఒక క్షణం పని. చెయ్యి చాపింది కూడా. అప్పుడు ఆమె కూతురు, ఎవరిదో తడి పసుపుబట్ట పట్టుకుని, ఆ సిమెంటు నేల మీద బరబరా పాక్కుంటూ పోతోంది. మోకాళ్లకి బురద లేదు.

కాంచన చెయ్యి వెనక్కి తీసుకుంది.

పాలు లేచి, అంచు దాటి, తూర్పు పక్కకి పొంగాయి. ఇటుకల మీద చుర్రుమన్నాయి. గదంతా ఆ వాసన. యాత్రికులు అరోహరా అన్నారు. వాళ్లకేం తెలుసు పాపం, శుభమని అన్నారు.

అలిమేలమ్మ గిరుక్కున తిరిగింది. పొంగిన పాలని చూసింది, గట్టు మీద కావడిని చూసింది, చివరికి కోడల్ని.

"చూస్తానే ఉన్నావు గదా?"

కాంచన చేతిలోని గుడ్డ కింద పెట్టింది. అబద్ధం చెప్పొచ్చు, కానీ మేనత్త ముందు అబద్ధం ఎప్పుడూ నిలవలేదు.

"చూస్తానే ఉన్నా అత్తా. కావాలనే దించలేదు."

అలిమేలమ్మ మిగిలిన పాలు గ్లాసులో పోసి, చల్లార్చి, ఏడుస్తున్న చంటివాడి తల్లికి ఇచ్చింది. వాడు తాగడం మొదలుపెట్టాక గోడకి చేరగిలబడి కూర్చుంది. మనవరాలు పాక్కుంటూ వచ్చి ఒళ్లోకి ఎక్కింది. ఆ అరికాళ్లని తన కొంగుతో తుడవబోయి, తుడవడానికి ఏమీ లేక ఆగిపోయింది.

బయట ఇంకా యాత్రికులు తడుస్తున్నారు. పక్కిల్లు దక్కిన చెంచమ్మ కూడా వచ్చి, తన తాళంచెవి చేత్తో పట్టుకుని, తీయాలో వద్దో తెలియక, అలిమేలమ్మ మొహం వైపు చూస్తోంది. వీధిలో అందరూ ఆమె మొహం వైపే చూస్తారు.

"ఏం చూస్తావు చెంచమ్మా, తలుపు తియ్యి. సామి ముందు వచ్చినాడు, మనం ఆయన వెనకాల వచ్చినాం. దీనికి పంచాంగం ఏం జేస్తుంది?" అంది అలిమేలమ్మ. ఆ తర్వాత కోడలి వైపు తిరగకుండానే, "నటరాజ్ రైలు దిగతానే చెప్పు. పొద్దున్నే మంచం మోసుకుని రమ్మని" అంది.