మూగపెళ్లి

చెల్లెలి పెళ్లిలో మిలూద్ రెండో చరణం అందుకున్నాడో లేదో, క్యాసెట్ల వ్యాపారి హాజీ బెల్‌కాసెం మనుషులొచ్చి మైకు లాగేసుకున్నారు.

"ఆ పాట హాజీగారిది. సంతకం పెట్టావు కదరా?"

"కట్టింది నేనేరా, నా కొడకల్లారా!"

చెంప పగిలింది. పెళ్లికూతురు చూస్తుండగానే అతన్ని వీధిలోకి ఈడ్చారు. పక్కనే డర్బూకా డోలు వాయిస్తున్న జులీఖా రక్తం మరిగిపోయింది. ఆమె కూడా అలాంటి కాగితం మీదే వేలిముద్ర వేసింది. హాజీ ఒక్కసారి చేతిలో నాలుగు నోట్లు పెట్టి గొంతు కొనేసుకున్నాడు. ఇప్పుడు ఆ గొంతు ఇక్కడి ఒరాన్ నుంచి సముద్రం అవతలి మార్సేయి దాకా అమ్ముడవుతోంది. ఆమెకు దమ్మిడీ రాదు.

మర్నాడు రేవు పక్క కాఫీకొట్లో మేళగాళ్లంతా కూడారు.

"చదవకుండా సంతకాలు పెట్టింది మనమేగా," అన్నాడు బాకా ఊదే హబీబ్. "కోర్టుకెళితే మనల్నే చూసి నవ్వుతారు."

"కోర్టెవడికి కావాలి?" అంది జులీఖా. "శుక్రవారం వాడి కొడుకు పెళ్లి. మేళం మనదే."

"ఎగ్గొడదామంటావా అక్కా?"

"ఎగ్గొడితే పక్కూరి మేళం తెచ్చుకుంటాడు. అందరం వెళ్దాం. వేదికెక్కి కూర్చుందాం. ఎవడి వేలైనా కదిలిందా, విరిచేస్తా."

"పొట్ట కొడతాడక్కా!"

"ఇప్పుడు నింపుతున్నాడా?"

శుక్రవారం కార్ల ఊరేగింపు హారన్లు మోగిస్తూ వచ్చి ఆగింది. ఆడవాళ్లు సంతోషంతో నాలుకలాడించి కేకలెత్తారు. మేళం అందుకోలేదు. కేకలు గాల్లోనే చచ్చిపోయాయి. వేదిక మీద అందరూ రాళ్లలా కూర్చున్నారు.

"వాయించండ్రా!" హాజీ అరిచాడు. తర్వాత జులీఖా వైపు వంగి గొణిగాడు, "ఎంత కావాలి?"

"గట్టిగా అడుగు హాజీ. నీ వియ్యంకుడూ వింటాడు."

హాజీ ఉక్రోషంతో క్యాసెట్ పెట్టించాడు. మిలూద్ గొంతు మోగింది. వియ్యంకుడు వేదికకేసి చూశాడు.

"అదేంటి, పాడేవాడు ఇక్కడే నోరు మూసుకుని కూర్చున్నాడు?"

"ఆ నోరు మీ బావగారు కొనుక్కున్నారు బాబూ," అంది జులీఖా. "తెరవాలంటే ఆయన అనుమతి కావాలి."

వియ్యంకుడు ఫక్కున నవ్వాడు. ఆ నవ్వు పందిరంతా పాకింది. హాజీ ముఖం మాడిపోయింది. అది కళ్లారా చూసింది జులీఖా, కడుపు నిండింది.

హాజీ పిలిపించిన పోలీసు జీపు వచ్చి మిలూద్‌నూ హబీబ్‌నూ ఎత్తుకుపోయింది. తెల్లారేసరికి మేళమంతా ఠాణా ముందుంది. హాజీ దిగివచ్చాడు.

"మిలూద్ కాగితం చింపేస్తాను. వేడుకలింకా ఉన్నాయి, పరువు తియ్యకండి."

"అతనొక్కడిదేనా?" అంది జులీఖా. "అందరివీ చింపు. మా కళ్లముందు. అందాకా నీ స్టూడియో కూడా మూగదే."

ఆ మధ్యాహ్నం కబురు విని మిగతా వ్యాపారుల స్టూడియోల్లోంచి కూడా పాటగాళ్లు ఠాణా ముందుకి వచ్చారు, వాద్యాలు భుజాన వేసుకుని. లోపల లాకప్ తలుపు మీద ఎవరో దరువెయ్యడం మొదలుపెట్టారు.

"ఆపండి!" కానిస్టేబులు అరిచాడు.

జులీఖా డర్బూకా ఒళ్లోకి లాక్కుంది. వీధి వీధంతా అందుకుంది.