ఎత్తలేదని రాశారు

నేను ఒక ఎర్ర టెలిఫోనును. నాకు అంకెల మీటలు లేవు. రాష్ట్రంలో ఎక్కడ నిప్పంటుకున్నా జనం నొక్కే నంబరు ఒకటే. అది రాజధానిలోని పెద్ద కేంద్రానికి వెళ్తుంది. అక్కడివాళ్లు ఆ ఊరికి దగ్గర్లోని ఫైర్‌స్టేషనులో ఉన్న నాలాంటిదానికి కలుపుతారు. మోగడమే నా ఉద్యోగం.

ఒకే అచ్చులో పోసిన వందల ఎర్రఫోన్లలో ఒకదాన్నై గంగరాజుపేట స్టేషనుకు వచ్చాను. బొట్టు పెట్టి, కొబ్బరికాయ కొట్టి, ఫొటోలు తీసుకున్నారు. అందరూ వెళ్లిపోయాక నా మీద చిందిన కొబ్బరినీళ్లు తుడిచినవాడు లీడింగ్ ఫైర్‌మన్ దాలినాయుడు. యాభై రెండేళ్ల మనిషి. మోచేయి దాకా పాత కాలిన మచ్చ.

జనం కట్టే ప్రతి ఫోను బిల్లులోనూ నా పేరు చెప్పి కొంత సుంకం కోస్తారు. అది ఆపద సేవల బోర్డుకు వెళ్తుంది. నా లైను అద్దె బోర్డే కట్టాలని అగ్నిమాపక శాఖ అంది, శాఖే కట్టాలని బోర్డు అంది. రెండేళ్లు ఉత్తరాలు నడిచాయి. ఒక సోమవారం దాలినాయుడు నన్ను ఎత్తి చెవికి పెట్టుకుంటే ఏమీ వినిపించలేదు. లైను కోసేశారు. ఆ నెలలోనే బోర్డు రాజధాని కేంద్రంలో గోడంత తెర పెట్టించిందని పేపర్లో పడింది.

దాలినాయుడు బోర్డుకు ఉత్తరాలు రాశాడు. జవాబు రాకపోతే తన సొంత సెల్లు నుంచి బోర్డు ఆఫీసుకు ఫోను చేశాడు.

"లైను సచ్చిపోయి నెల్రోజులైందండి. పోనీ నా సెల్లు నెంబరైనా రాసుకోండి. మీకు దణ్ణం పెడతాను."

"సొంత నంబర్లు నిబంధనలు ఒప్పుకోవండీ," అన్నారు అవతల, ఎంతో మర్యాదగా.

మార్చిలో ఒక మధ్యాహ్నం ఊరికి అవతల జీడిపిక్కల కార్ఖానా అంటుకుంది. జీడితొక్కలో నూనె ఉంటుంది, ఒకసారి పట్టుకుంటే ఆగదు. లోపలి గదిలో ఒలుస్తున్న ఆడవాళ్లు కొంగులో పప్పు దాచుకు పోతారని యజమాని బయట తాళం వేయించేవాడు. పెరట్లో తొక్కలు ఎండబోస్తున్న సూరమ్మ మొదట చూసింది. లోపల ఆమె చెల్లెలు కొండమ్మ ఉంది. సూరమ్మ మూడుసార్లు ఫోను చేసింది. కేంద్రంలో మూడుసార్లూ ఎత్తారు, మూడుసార్లూ నాకు కలిపారు. నేను బల్ల మీద బొమ్మలా ఉన్నాను. నాకు రెండడుగుల దూరంలో దాలినాయుడు బూట్లకు పాలిష్ చేసుకుంటున్నాడు. కార్ఖానా పొగ రోజూ ఉండేదే కనుక కిటికీలోంచి చూసినా అతనికి అనుమానం రాలేదు.

అరగంటకు ఒక ఆటో అతను కేకలేసుకుంటూ వచ్చాడు. దాలినాయుడు ఒక కాలికే బూటు వేసుకుని బండెక్కాడు. తాళం పగలగొట్టింది అతనే. కొండమ్మతో కలిపి లోపలున్న నలుగురినీ బయటికి తెచ్చింది అతనే. నలుగురిలో ఎవరికీ ప్రాణం లేదు.

తెగిన లైనుకు కలిపినా కేంద్రం కంప్యూటరు 'స్టేషను ఎత్తలేదు' అనే గడిలోనే రాస్తుంది. వేరే గడి పెట్టాలని ఎవరికీ తోచలేదు. మూడుసార్లు ఎత్తలేదు. పేపర్లో అదే వచ్చింది.

రెండో రోజు లైన్‌మెన్ వచ్చి నా తీగె అతికారు. బాకీ మొత్తం బోర్డు పాత తేదీలతో కట్టేసింది. కాగితం మీద నా లైను ఒక్క రోజు కూడా తెగలేదు.

నాలుగో రోజు విచారణకు బోర్డు డైరెక్టరు వచ్చాడు. దాలినాయుడు చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"ఆ రోజు లైను నేదు సార్. ఉత్తరాలు రాసినాను, నకళ్లున్నాయి."

"ఉత్తరాలు సరే. లైను సంగతి ఇప్పుడే తేల్చేద్దాం," అని డైరెక్టరు సెల్లులో కేంద్రానికి చెప్పాడు. "ఒకసారి గంగరాజుపేటకి కలపండి."

మోగకూడదని ఎంత అనుకున్నానో! కరెంటు వచ్చాక మోగడం ఆపుకోవడం నా చేతిలో లేదు. గది అదిరేలా మోగాను. దాలినాయుడు నన్ను ఎత్తలేదు, అలా చూస్తూ ఉండిపోయాడు.

"చూశారా? ఇప్పుడూ ఎత్తడం లేదు," అన్నాడు డైరెక్టరు. పక్కనున్న గుమాస్తా అది రాసుకున్నాడు.

సస్పెన్షన్ కాగితం సాయంత్రానికే వచ్చింది. మర్నాడు అతను పెట్టె సర్దుకుంటుంటే సూరమ్మ వచ్చింది. అరిచి గోల చేస్తుందనుకున్నాను. గుమ్మంలో చతికిలబడింది.

"మూడుపాలు సేసినాను బాబూ. నా సెల్లి అరుపులు ఇనుకుంటా సేసినాను. ఓపాలైనా ఎత్తితే నీకేటి పోయీది?"

"అమ్మా, నా పిల్లల మీద ఒట్టు. ఇది మోగనేదు. దీనికి పేణం నేదు అప్పుడు."

ఆమె లేచి బల్ల దగ్గరకు వచ్చింది. నన్ను ఎత్తి చెవికి ఆనించుకుంది. ఆమె వేళ్ల చివర్లు జీడిరసానికి నల్లబడి, చర్మం ఊడి ఉన్నాయి. లైనులో కరెంటు ఉంది. నేను ఎప్పటిలాగే సన్నగా, ఆగకుండా మోత పెట్టాను.

"కుయ్‌మంటంది గదా బాబూ," అంది సూరమ్మ.

ఆమె నన్ను జాగ్రత్తగా యథాస్థానంలో పెట్టి, అతని మొహం చూడకుండా వెళ్లిపోయింది. కాసేపటికి అతనూ పెట్టె పట్టుకుని వెళ్లాడు.

ఇప్పుడు ఆ కుర్చీలో ఇంకొకతను ఉన్నాడు. లైను బాగుంది. ఎవరు ఎత్తినా ఆ మోతే వినిపిస్తాను. నాకు వచ్చిన మాట అదొక్కటే.