ఫైలకా పడవకు రెండు టిక్కెట్లు

మా ఆయన రామాంజనేయులు పదకొండేళ్లుగా కువైట్‌లో ఫైలకా దీవికి పోయే పడవను ఒడ్డున నిలబడి చూస్తున్నాడు. ఒక్కసారి ఎక్కింది లేదు. సల్వాలో ఆయన డ్రైవరుగా ఉన్న ఇంటివాళ్లకు చలికాలం వస్తే ఆ దీవి మీద సరదా. వాళ్లను కారులో సాల్మియా రేవుకు తెస్తాడు, సామాన్లు పడవలోకి ఎక్కిస్తాడు, దిగొచ్చి పార్కింగ్ పక్కన రేకుల నీడలో నిలబడతాడు. వాళ్లు తిరిగొచ్చేదాకా అక్కడే. దీవి ఎట్లుంటుందని నేను అడిగితే, "నీళ్లల్లో ఉంటాది" అంటాడు. మా ఆయన మాటలంతే, బావిలోంచి చేదతో తోడుకోవాలి.

నేను మిష్రిఫ్‌లో ఒక ఇంట్లో వంటమనిషిని. రెండిళ్లకూ మధ్య కారులో పావుగంట దూరం. మా పెళ్లయి ఇరవై రెండేళ్లు, కువైట్‌లో ఇద్దరం కలిసి ఉంటున్నది తొమ్మిదేళ్లు. కలిసి అంటే శుక్రవారం నాలుగు గంటలు, అర్దియాలో బిస్మిల్లా బీ గదిలో. ఆమె మా రాయచోటి మనిషే, చాలా మంచిది. కానీ శుక్రవారం పూట ఆ గదిలో పన్నెండు మందిమి, పైన టీవీ. మొగుడితో ఒక్క మాట చెప్పుకుంటే మిగతా పదిమందీ తలా ఒక సలహా ఇస్తారు.

ఈ జనవరిలో మా మామాకు, అంటే నేను వంట చేసే ఇంటి యజమానురాలికి, దయ కలిగింది. ఒక శుక్రవారం పొద్దున్నుంచి సాయంత్రం ఏడు దాకా సెలవిచ్చింది. ఆ రాత్రి ఆమె కూతురి అత్తవారు భోజనానికి వస్తున్నారు కాబట్టి ఏడింటికల్లా నేను వంటింట్లో ఉండాలి. "ఏడు దాటితే నీ శుక్రవారాలు ఖలాస్, కళావతీ" అంది. ఊరికే బెదిరించే మనిషి కాదు. నాకంటే ముందు చేరిన శ్రీలంక ఆమె ఒకసారి అరగంట ఆలస్యంగా వచ్చి, ఆ తర్వాత ఆరు నెలలు గేటు దాటలేదు. ఆ నాలుగు గంటలు కూడా పోతే నాకు కువైట్‌లో మిగిలేది ఉల్లిపాయలే.

యాడికి పోదామని ఫోన్‌లో అడిగాను.  లైను తెగిందేమోనని రెండుసార్లు హలో అన్నాను.

"ఆ పడవెక్కుదామా మే" అన్నాడు చివరికి.

శుక్రవారం పొద్దున్నే చిత్రాన్నం కలిపి, శెనక్కాయల ఊరిబిండి నూరి, నాలుగు ఓళిగలు కూడా చేసి, పెద్ద సంచీ ఒకటి మోసుకుంటూ రెండు బస్సులు మారి రేవు చేరాను. ఆయన అప్పటికే టిక్కెట్లు కొని ఉన్నాడు. తొమ్మిదికి పోయే పడవ, నాలుగుకు తిరిగొచ్చే పడవ, రెండూ టిక్కెట్టు మీదే రాసి ఉన్నాయి. నా చేతిలోని సంచీ తీసుకుని పడవలో పెట్టాడు. జనంతో పాటు నేనూ ఎక్కి, కిటికీ పక్కన సీటు పట్టి, ఆయన కోసం పక్క సీట్లో చున్నీ పరిచాను. ఎంతకీ రాడు. బయటికి తొంగి చూస్తే మహానుభావుడు ఒడ్డున రేకుల నీడలో ఉన్నాడు. చేతులు వెనక్కి కట్టుకుని, ఎప్పుడూ నిలబడే చోటే. పైగా నన్ను చూసి చెయ్యి ఊపాడు.

"ఏమయ్యా, ఆడేం జేస్తాండావ్?" అని గట్టిగా అరిచాను. సగం పడవ నా వైపు తిరిగింది.

ఆయన ఉలిక్కిపడి ఒక్క పరుగున వచ్చి ఎక్కాడు. "సామాన్లు పెట్నాక కాళ్లు వాటంతటవే ఆడికి పోయినాయి మే" అన్నాడు.

నాకు ఒళ్లు మండింది. అట్లాంటి మొగుణ్ని ఇచ్చిన దేవుణ్ని కూడా నాలుగు తిట్టాను. అయితే నా బడాయి ఎంతోసేపు నిలవలేదు. పడవ కదిలిన కాసేపటికి ఎదురు బల్ల మీద ఎవరో పిల్లాడు నారింజ రసం ఒలికించాడు. వాళ్లమ్మ గుడ్డ కోసం వెతికేలోపు నేను లేచి బల్లంతా తుడిచేశాను, నా కొత్త చున్నీతో. తిరిగి కూర్చునేసరికి మా ఆయన మొహం కిటికీ వైపు తిప్పుకుని, భుజాలు ఎగిరెగిరి పడేలా నవ్వుతున్నాడు.

"నవ్వినావు చాల్లే" అన్నాను. నాకూ నవ్వు ఆగలేదు.

ఫైలకాలో దిగగానే రేవు దగ్గరే పాత బస్సు ఒకటి ఆగి ఉంది. దీవి అంతా తిప్పి చూపిస్తుందట. "అది మనకు గాదేమో" అన్నాడాయన. టిక్కెట్టు మీద బస్సు బొమ్మ చూపించి రెక్క పట్టుకుని ఎక్కించాను. ఎక్కీ ఎక్కగానే పోయి డ్రైవరు వెనక సీట్లో కూర్చున్నాడు. మలుపు వచ్చినప్పుడల్లా ఈయన కుడికాలు నేలను తొక్కుతోంది. బస్సు నడిపే బంగ్లాదేశ్ అబ్బాయికి హిందీలో జాగ్రత్తలు చెప్పడం మొదలుపెట్టాడు. ఆ అబ్బాయి ఓపిక ఉన్నవాడు కాబట్టి సరిపోయింది.

"లేసి ఇట్లరా. నా పక్కన కూకో" అన్నాను.

వచ్చి కూర్చున్నాడు. మేమిద్దరం బండిలో పక్కపక్కన కూర్చుని పోవడం కువైట్‌లో అదే మొదలు. ఆయన కారు నేను ఒకే ఒక్కసారి ఎక్కాను. జ్వరంతో లేవలేకపోతే, వాళ్ల బాబాను, అంటే ఆ ఇంటి యజమానిని, అడిగి ఆస్పత్రికి తీసుకుపోయాడు. ముందు సీట్లో కూర్చుంటే చూసినవాళ్లు ఏమంటారోనని నన్ను వెనక కూర్చోబెట్టాడు. దారి పొడవునా అద్దంలో నా మొహం చూస్తూ నడిపాడు. ఆ రోజు నాకు జ్వరం కంటే అదే ఎక్కువ బాధపెట్టింది. ఈ మాట ఆయనకు ఎప్పుడూ చెప్పలేదు. బస్సులో చెప్పాను.

"తెల్సు" అన్నాడు. నా చెయ్యి తీసుకుని తన మోకాలి మీద పెట్టుకున్నాడు.

దీవిలో ఖాళీ ఇళ్లే ఎక్కువ. యుద్ధమప్పుడు వెళ్లిపోయిన జనం మళ్లీ వచ్చి కాపురం పెట్టలేదట. గోడల నిండా తూటాల చిల్లులు. దూరంగా ఒంటెలు మేస్తున్నాయి. ఒక ఇంటి ముందు రేగిచెట్టు కనబడితే దాని కింద దుప్పటి పరిచి భోజనానికి కూర్చున్నాం. ఇక్కడివాళ్లు దాన్ని కనార్ అంటారు, పేరు ఏదైతేనేం, ముల్లు గుచ్చుకుంటే తెలిసిపోయింది మన చెట్టేనని. ఆయన చిత్రాన్నం మూడుసార్లు పెట్టించుకున్నాడు. మధ్యలో ఎవరూ పిలవలేదు. ఎవరూ సలహా ఇవ్వలేదు. ఊళ్లో ఉన్న మా పెద్దోడి చదువు గురించి మాట్లాడుకున్నాం, పాత గొడవ ఒకటి తీసి మళ్లీ పోట్లాడుకున్నాం, ఓళిగ పంచుకుని రాజీపడ్డాం. నాకు చాలా సంతోషంగా ఉండింది. దాన్ని ఇంకోరకంగా చెప్పడం నాకు రాదు.

మూడున్నరకే రేవుకు వచ్చేశాం. వరసలో మేమే ముందు. కానీ పడవ రాగానే ఆయన పక్కకు జరిగాడు. పిల్లల తల్లులు, పెద్దవాళ్లు, సామాన్లవాళ్లు ఒక్కొక్కరే వస్తుంటే, "తఫద్దల్, తఫద్దల్" అని, దయచేయండని అరబీలో చెబుతూ దారి ఇస్తున్నాడు. చేతిలో ఎవరి పెట్టో కూడా ఉంది. నేను సంచీ సర్దుకుని తలెత్తేసరికి, పడవ తాళ్లు కట్టే మనిషి మెట్ల ముందు గొలుసు వేసేశాడు.

"నిండిపోయింది. ఆరింటి పడవకు రండి" అన్నాడు అరబీలో.

ఆరింటి పడవ ఒడ్డు చేరేసరికే ఏడు దాటుతుంది.  నా శుక్రవారాలన్నీ ఆ గొలుసు అవతల ఉన్నాయి. మాకు టిక్కెట్లు ఉన్నాయని వచ్చీరాని అరబీలో చెప్పబోయాను. ఆ మనిషి నా వంటసంచీ చూశాడు, మా ఆయన చేతిలోని పెట్టె చూశాడు.

"మీ బాబావాళ్లు ఎక్కేశారు కదా. పనివాళ్లు తర్వాత రావచ్చు" అన్నాడు. మర్యాదగానే అన్నాడు, తిట్టడానికి కూడా వీల్లేకుండా.

మా ఆయన పెట్టె కింద పెట్టాడు. ఆయన అరబీ నేను చాలాసార్లు విన్నాను. బాబాకు బల్ల ఖాళీ ఉందా, పిల్లలకు నీళ్లు ఉన్నాయా, అంతవరకే ఆ అరబీ. తనకోసం ఏదైనా అడగడం ఎప్పుడూ వినలేదు.

"మాకు ఏ బాబా లేడు ఈరోజు" అన్నాడు. "ఈమె నా భార్య. ఇవి మా రెండు టిక్కెట్లు, నాలుగు గంటలవి. దీవి చూడ్డానికి మేమిద్దరమే వచ్చాం."

టిక్కెట్లు ముందుకు చాపాడు. ఈసారి పక్కకు జరగలేదు.

ఆ మనిషి టిక్కెట్లు తీసుకుని రెండువైపులా చూశాడు. పైకెక్కి, ఆరింటి టిక్కెట్లతో ముందే ఎక్కి కూర్చున్న ఇద్దరు మగవాళ్లను దింపుకొచ్చాడు. వాళ్లేం గొడవ చేయలేదు, దొరికిపోయిన పిల్లల్లా నవ్వుకుంటూ దిగారు. గొలుసు తీసి, "తఫద్దల్" అన్నాడు మా ఆయనతో. పదకొండేళ్లుగా అందరికీ చెప్పిన మాట ఆయనకు ఎవరో చెప్పడం అప్పుడే చూశాను. పెట్టె మాత్రం వదల్లేదు, మోసుకుపోయి దాని సొంతదారుకు ఇచ్చాకే కూర్చున్నాడు.

రేవు నుంచి ఒక బస్సు మారాక, మిష్రిఫ్ బస్సులో నన్ను దిగబెట్టడానికి ఆయనా ఎక్కాడు. పది నిమిషాలకు నా భుజం బరువెక్కింది. చూస్తే నిద్రపోతున్నాడు. కదిలే బండిలో ఆయన కళ్లు మూయడం పదకొండేళ్లలో ఇదే మొదటిసారి అయ్యుంటుంది. కుడికాలు కూడా కదలకుండా పడి ఉంది. నా స్టాపు వచ్చింది. ఫోన్‌లో టైము చూశాను, ఆరూ ముప్పై ఐదు. తర్వాతి స్టాపు నుంచి వెనక్కి నడిస్తే పావుగంట. లేపలేదు. ఆయన్ను ఇంకొక్క స్టాపు నిద్రపోనిచ్చాను.

దిగాక ఇద్దరం ఇంచుమించు పరుగెత్తాం. మామా ఇంటి గేటు దగ్గరికి వచ్చేసరికి ఏడుకు నాలుగు నిమిషాలు. ఆయన ఎప్పటిలాగే రోడ్డు దాటి, ఎదురు గోడ పక్కన నిలబడబోయాడు. నేను లోపలికి పోయి తలుపు వేసుకునేదాకా అక్కడ నిలబడటం ఆయన పద్ధతి.

"ఈ పొద్దు నువ్వు ముందు పో. నేను నిల్చుకుంటా" అన్నాను.

"నీకు టైమైపోతాది మే."

"నాలుగు నిమిషాలుండాయి. నావి. నా ఇష్టం."

ఆయన వెళ్లాడు. మూడుసార్లు వెనక్కి తిరిగి చూశాడు. మూలమలుపు తిరిగేదాకా నేను చేతులు వెనక్కి కట్టుకుని గేటు ముందే నిలబడ్డాను. తర్వాత బెల్లు నొక్కాను. లోపల గడియారం ఏడు కొడుతోంది.

"వచ్చేశావా" అంది మామా తలుపు తీసి. "వచ్చే శుక్రవారం ఎక్కడికి?"

"ఇంకా అనుకోలేదు మామా, ఆయన్ని అడగాల" అని చెప్పి, చున్నీ నడుముకు చుట్టుకుని ఉల్లిపాయలు ముందేసుకున్నాను.